బాబామెట్ట కనిపించని పరిచయాలు

ఇస్లాం గురించి తెలుగులో వచ్చే పరిచయ వ్యాసాలకి ఓ చిత్రమైన అలవాటుంది. మొదటి పేజీలో అరేబియా ఎడారి, రెండో పేజీలో సున్నీలూ షియాలూ, మూడో పేజీకల్లా మతోన్మాదం! మధ్యలో మనుషులే కనిపించరు.

శ్రీకాకుళం దగ్గర ఆనందపురంలో పుట్టిన చిలుకూరి నారాయణరావుగారు ఇంతకంటె మేలైన దారి చూపించారు. 'ఆంధ్రభాషా చరిత్రము' రాసిన ఆ పండితుడు ఖురానుని తెలుగు చేసి అచ్చువేయించారు. పక్కింటివాళ్ళ మతం గురించి మూడోవాళ్ళు చెప్పింది వినడమెందుకు, వాళ్ళ గ్రంథమే చదవండి అన్నట్టుగా! ఎంత పెద్ద మనసు! అయితే ఆ ఒక్క పుస్తకంతో అంతా తెలిసిపోతుందా? గీత చదివినవాడికి మన అట్లతద్ది అర్థమవుతుందా, మీరే చెప్పండి.

విజయనగరంలో బాబామెట్ట ఉంది కదా. ఖాదర్ వలీ బాబా ఉరుసుకి హిందువులూ తండోపతండాలుగా వెళతారు. ఆ వలీలది సూఫీ మార్గం. దాన్ని మూడో శాఖ అని రాసేస్తుంటారు, పొరపాటు. సున్నీగా ఉంటూనే సూఫీ కావచ్చు. 632లో ప్రవక్త పోయాక పెద్దరికం అబూబక్ర్‌దా, అల్లుడు అలీదా అన్న దగ్గర పడింది సున్నీ, షియాల చీలిక. ఆ అలీ కొడుకు హుసేన్ 680లో కర్బలాలో ప్రాణాలు విడిచిన దుఃఖమే మన పీర్ల పండుగ. మన పల్లెల్లో ఆ పీర్లని ఎత్తేవాళ్ళలో సున్నీలున్నారు, హిందువులూ ఉన్నారు. మరి వీళ్ళని ఏ గడిలో వేస్తారు?

సున్నీల్లోనూ దర్గాల దగ్గర పేచీ ఉంది. బరేల్వీలకి దర్గా అంటే భక్తి. అహలె హదీసు వాళ్ళు అల్లాని తప్ప ఎవర్నీ వేడుకోకూడదంటారు. అంతమాత్రాన వాళ్ళని ఉన్మాదులనెయ్యడం అన్యాయం. 'నేను వెళ్ళను' అంటే అది వాళ్ళిష్టం. 'నువ్వెళ్తే ఊరుకోను' అన్నప్పుడే భయపడాలి. (అన్నట్టు, 'ఫండమెంటలిస్టు' అనే మాట 1920లో అమెరికా క్రైస్తవుల మధ్య పుట్టింది. ఈ సంగతి మన వ్యాసకర్తలు చెప్పగా నేను చూడలేదు.)

2017 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లోని సెహ్వాన్ దర్గాలో బాంబు పేల్చి ఎనభైమందికి పైగా ప్రాణాలు తీశారు. బాబామెట్టకి వెళ్ళేవాళ్ళలాగే వాళ్ళూ మొక్కులు తీర్చుకోడానికి వచ్చినవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలూ సహా. మన వ్యాసాల మూడో పేజీలో ఆ బాంబు పెట్టినవాడికి చోటుంటుంది. చాదరు పట్టుకొచ్చిన తల్లికి మాత్రం ఏ పేజీలోనూ ఉండదు.