ఎముక గట్టివాళ్ల దగ్గర దొరికిన మందు

తల్లికి తుంటి విరిగిందంటే కూతురికీ ఆ ముప్పు ఎక్కువే. కవలల మీద జరిగిన అధ్యయనాలు చూస్తే, ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సగానికి పైగా వంశపారంపర్యంగా వచ్చేదే. కానీ ఆ వారసత్వం వందల జన్యువుల్లో చెదిరి ఉంటుంది, ఒక్కొక్కదాని వాటా చాలా తక్కువ. అందులోంచి మందు తీయడం ఎలా? పరిశోధకులకు దారి చూపింది ఎముకలు గుల్లబారినవాళ్లు కాదు, అతిగా గట్టిపడినవాళ్లు.

దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో స్క్లిరోస్టియోసిస్ అనే అరుదైన జబ్బుంది. ఎముక ఆగకుండా పేరుకుపోతుంది. పుర్రె మందమై నరాలు వెళ్లే దారులు ఇరుకైపోయి, చిన్నతనంలోనే ముఖ పక్షవాతం, చెవుడు వస్తాయి. 2001లో దాని మూలం దొరికింది. ఎస్ఓఎస్‌టీ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడంతో స్క్లిరోస్టిన్ ప్రోటీన్ తయారీ మొదట్లోనే ఆగిపోతోంది.

నెదర్లాండ్స్‌లో, ఉర్క్ ప్రాంతపు కుటుంబాల్లో, ఇలాంటిదే మరో జబ్బు: వాన్ బ్యూకెమ్ వ్యాధి. వాళ్లలో మాత్రం ఆ జన్యువును మొదటినుంచి చివరిదాకా చదివినా ఒక్క తప్పూ లేదు. ఇక్కడే నాకు ఈ పరిశోధకుల మీద గౌరవం రెట్టింపవుతుంది. జన్యువు బాగానే ఉందని వదిలేయకుండా, దాన్ని దాటి వెతికారు. ఆంట్వెర్ప్‌లోని విమ్ వాన్ హుల్ బృందం 2002లో అసలు సంగతి పట్టుకుంది: జన్యువుకు అవతల, కాస్త ఎడంగా, 52 వేల అక్షరాల ముక్క మొత్తం లేదు. ఎముకలో ఆ జన్యువును పనిచేయించే మీట ఆ ముక్కలోనే ఉంది! ఎంత ఓపిక ఉంటే దొరుకుతుంది అది?

స్క్లిరోస్టిన్‌ను తయారుచేసేవి ఎముక లోపలే ఒదిగి ఉండే ఆస్టియోసైట్ కణాలు. ఎముకను కట్టే కణాలకు అది కళ్లెం. మరి మందుతో ఆ కళ్లెం వదులు చేస్తే పుర్రె కూడా మందమైపోదా? ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది రోగుల తల్లిదండ్రులే. ఆ జన్యువు ప్రతుల్లో ఒక్కటే చెడిన వాళ్ల ఎముకలు దిట్టంగా ఉన్నాయి, జబ్బు లక్షణాలు మాత్రం లేవు.

స్క్లిరోస్టిన్‌ను అడ్డుకునే రొమోసోజుమాబ్ అనే మందుకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. ముట్లుడిగి, ఎముక విరిగే ముప్పు బాగా ఎక్కువగా ఉన్న స్త్రీలకు నెలకోసారి చొప్పున ఏడాదిపాటు ఇస్తారు. ఆ తర్వాత కట్టిన ఎముక కరిగిపోకుండా వేరే మందు వాడాలి. గత ఏడాదిలో గుండెపోటో, పక్షవాతమో వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు.