కరెంటు పోయిన క్షణాన

పెద్దముడియంలో ఒక ఇంట్లో రోజుకు మూడున్నర గంటలు వాడే కంప్యూటరు ఉందనుకుందాం. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో సీసీ కెమెరాల రికార్డింగు డిస్కు రేయింబవళ్లు తిరుగుతుంది. దానికి ఏడాదికి 8,760 గంటలు పడతాయి. ఇంటి డిస్కు అన్ని గంటలు తిరగాలంటే దాదాపు ఏడేళ్లు కావాలి. గంటలనే వయసుగా లెక్కిస్తే ఏడేళ్ల ఇంటి డిస్కూ, ఏడాది అంగడి డిస్కూ ఒక ఈడువే. మూత కింద ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు మాత్రం ఆ మాట అంత తొందరగా ఒప్పుకోరు.

ముందు ఆ లెక్క సంగతి. గంటలు రాసుకునేది విండోస్ కాదు, డిస్కే. స్మార్ట్ అనే పట్టికలో తొమ్మిదో నంబరు అంశం 'పవర్-ఆన్ అవర్స్'. మన ఫైళ్లకు అందకుండా డిస్కు తన సొంత అవసరాలకు దాచుకున్న చోట ఇది ఉంటుంది. అందుకే ఫార్మాట్ చేసినా, విండోస్ మళ్లీ వేసినా చెరిగిపోదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిస్తే పైన గంటలు మామూలు అంకెల్లోనే కనిపిస్తాయి. కింది పట్టికలో అదే సంఖ్య పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటుంది. అక్కడ 2710 అని ఉంటే పదివేల గంటలని అర్థం. రెండూ పోల్చి చూసి తికమకపడనివాళ్లు తక్కువ.

ఇక తిరిగే భాగం. సమాచారం ఉండే పళ్లేలను మోసే ఇరుసు చుట్టూ ఇప్పటి డిస్కుల్లో ఉక్కు గుండ్ల బేరింగు ఉండదు, పలచటి నూనె పొర ఉంటుంది. బేరింగు లోపలి గోడ మీద ఏటవాలు గాళ్లు ఎదురెదురుగా చెక్కి ఉంటాయి. ఇరుసు తిరిగేకొద్దీ ఆ గాళ్లు నూనెను నడిమికి తోస్తాయి. అక్కడ పుట్టిన ఒత్తిడే ఇరుసును గోడకు తగలకుండా నిలబెడుతుంది. పూర్తి వేగంలో ఉన్నంతసేపు లోహం లోహాన్ని ముట్టదు. ముట్టేదల్లా వేగం అందుకునే ముందూ, ఆగేముందూ. అంటే ఆపకుండా తిరగడం కన్నా మాటిమాటికీ ఆగి మొదలవడమే దానికి కష్టం.

పళ్లెం మీద రాసే, చదివే హెడ్డు కూడా అలాంటిదే. మూడున్నర అంగుళాల డిస్కులో పళ్లెం అడ్డుకొలత సుమారు 95 మిల్లీమీటర్లు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగేటప్పుడు దాని అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగానికి కదిలే గాలి మీద హెడ్డు కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. ఒక్క దుమ్ము కణం కూడా ఆ సందులో పట్టదు. డిస్కు మీద 'ఈ రంధ్రం మూయవద్దు' అని రాసి ఉన్న చిన్న బెజ్జం చూసే ఉంటారు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, చల్లబడి సంకోచించేటప్పుడు బయటి గాలి దాని వెనకున్న వడపోత గుండానే వచ్చిపోతుంది.

ఇంత వేగంలో ఉండగా కరెంటు పోతే? ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం మన కడప జిల్లాలోనే ఉన్నా, గాలివాన వచ్చినప్పుడు తీగలు తెగడం మానవు కదా. హెడ్డు కింద గాలి ఉన్నది పళ్లెం తిరిగినంతసేపే. వేగం తగ్గితే హెడ్డు పళ్లెం మీద పడుతుంది. దాన్ని లాగి పక్కన పెట్టడానికేమో కరెంటు కావాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇక్కడుంది. కరెంటు పోయినా పళ్లేలు అదే ఊపులో తిరుగుతూనే ఉంటాయి. ఇరుసుతో పాటు తిరిగే అయస్కాంతాలు మోటారు తీగచుట్టల ముందునుంచి పోతుంటే, ఆ చుట్టల్లోనే విద్యుత్తు పుడుతుంది. అప్పటిదాకా మోటారుగా ఉన్నది ఆ క్షణంలో జనరేటరు అవుతుంది. మోటారును నడిపే చిప్పు ఆ కాస్త విద్యుత్తునూ సరిచేసి హెడ్డు చేతిని కదిపే తీగచుట్టకు పంపుతుంది. చెయ్యి బయటి అంచుకు జరుగుతుంది. దాని కొసన ఉన్న చిన్న నాలుక పళ్లెం పక్కనే ఉన్న ప్లాస్టిక్ వాలు ఎక్కి కూర్చుంటుంది. మనం టార్చి వెతుక్కునేలోపే ఇదంతా అయిపోతుంది.

ఇలా అర్జెంటుగా లాగిన సార్లను చాలా డ్రైవులు 'పవర్-ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్' కింద విడిగా లెక్కపెడతాయి. డిస్కుకు కరెంటు పెట్టిన సార్లు 'పవర్ సైకిల్ కౌంట్'లో ఉంటాయి. అంశాల అర్థం కంపెనీని బట్టి కొంత మారుతుంది గానీ, ఈ రెండు సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ ఇంట్లో షట్‌డౌన్ కన్నా కరెంటు కోతే ఎక్కువసార్లు కంప్యూటరును ఆపిందని అనుమానించొచ్చు. గంటల లెక్క చెప్పని సంగతి ఇది. యూపీఎస్‌కు పెట్టే ఖర్చు ఇక్కడ గిట్టుబాటవుతుంది.

మరి డిస్కు ఎన్నాళ్లు ఉంటుంది? ఖరీదైన డిస్కుల వివరపత్రాల్లో పది లక్షల గంటలనో అంతకు మించో రాస్తారు. అది 114 ఏళ్లు! ఒక్క డిస్కు అన్నేళ్లు బతుకుతుందని కాదు. వెయ్యి డిస్కులు కలిసి తిరుగుతుంటే సగటున వెయ్యి గంటలకు ఒకటి చెడుతుందని. సీగేట్ బరాకుడా లాంటి ఇంటి రకాలకు ఏడాదికి 2,400 గంటల వాడకమే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి అంగట్లో పగలూ రాత్రీ తిప్పడానికి ఇంటి డిస్కు కొనడం పొదుపు కాదు.

గంటలకన్నా గట్టిగా మాట్లాడే అంశాలు వేరే ఉన్నాయి. చెడిన సెక్టార్ల బదులు వాడిన కొత్తవి, మార్చాల్సినవిగా అనుమానంలో ఉన్నవి. అవి సున్నా దాటితే ఆ రోజే కాపీ తీసుకోవాలి. అయితే లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిన వాటిలో సగానికి పైగా ఇలాంటి ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి. సున్నా చూసి కాపీ వాయిదా వెయ్యడం కుదరదన్నమాట.

డిస్కు కొనేవాళ్లకు ఇంకో మాట. వాడేసిన సీగేట్ డిస్కులను స్మార్ట్ గంటలు సున్నా చేసి యూరప్‌లో కొత్తవిగా అమ్మిన బాగోతం 2025 మొదట్లో బయటపడింది. అప్పట్లో మోసగాళ్లు చెరిపింది ఒక పద్దునే. ఫార్మ్ అనే మరో పద్దులో ఆ డిస్కులు తమ అసలు గంటలు రాసుకునే ఉన్నాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రాంలో 7.4 నుంచి ఆ పద్దును ఎవరైనా చదువుకోవచ్చు.