పరమాణువు – తర్కసంగ్రహము – త్రాసు

పరమాణువును గూర్చి తెలుగున వెలువడు వ్యాసములలో రెండు వాదములు తఱచుగా గానవచ్చుచున్నవి. కణాదమహర్షి యే నాడో పరమాణువును కనుగొనెననియు, పాశ్చాత్యులు దానినే తిరిగి చెప్పిరనియు మొదటి వాదము. మన శాస్త్రములందలి పరమాణువు వట్టి యూహ యనియు, దానిని చదువుట కాలహరణమనియు రెండవ వాదము. మొదటిదానికి సభలలో చప్పట్లు లభించును. రెండవదానికి బడులలో మౌనాంగీకారము లభించును. ఈ వాదములు చేయువారిలో మూలగ్రంథమును తెఱచి చూచినవారు మాత్రము అరుదు. గ్రంథమును చదువుట విమర్శకుని మొదటి పని గనుక ఆ పనియే యిచ్చట చేయుదము.

అందులకు తగిన గ్రంథము మన యింటిదే కలదు. పదునేడవ శతాబ్దివాడైన అన్నంభట్టు ఆంధ్రుడు. ఆయన రచించిన తర్కసంగ్రహమును, దానికి ఆయనయే వ్రాసికొన్న దీపిక యను వ్యాఖ్యయు, న్యాయశాస్త్రమున ప్రవేశించు బాలురకు దేశమంతటను తొలిపాఠములైనవి. కణాదుని సూత్రములు గురుముఖమున గాని యందునవి కావు. ఈ చిన్నపుస్తకమన్ననో, కొంచెము సంస్కృతము వచ్చినవాడు శ్రద్ధపెట్టి చదువుకొనవచ్చును. వైశేషికుల పరమాణువు ఇందు మిక్కిలి తేటగా నిరూపింపబడినది.

ఆ నిరూపణ మిట్లున్నది. కిటికీ సందున ఇంటిలోనికి పడు ఎండలో ధూళిరేణువులు తేలుచుండును. కంటికగుపడు వస్తువులలో అంతకంటె సూక్ష్మమైనది లేదు. కంటికి కనబడునది గనుక ఆ రేణువు వస్త్రమువలె అవయవములు గలది. ఆ యవయవములును, పెద్దదానిని నిర్మించునవి గనుక, దారములవలె తిరిగి అవయవములు గలవియే. ఆ తుది యవయవమే పరమాణువు. రెండు పరమాణువులు చేరిన ద్వ్యణుకము. మూడు ద్వ్యణుకములు చేరిన త్ర్యణుకము, అనగా ఎండలోని రేణువు. అచ్చటనే యేల నిలువవలెనని పూర్వపక్షి యడుగును. నిలువనిచో విభాగమునకు అంతుండదు. అప్పుడు ఆవగింజకును మేరుపర్వతమునకును అవయవములు సమానముగా అనంతములై, రెండింటి పరిమాణమును ఒక్కటియే కావలసివచ్చునని సమాధానము.

ఇది వట్టి యూహ యనువారు ఈ పంక్తులను చదువలేదని చెప్పక తప్పదు. చూచినదానినుండి చూడనిదానికి పోవుట, ప్రతి మెట్టునకును ఒక హేతువును ఒక దృష్టాంతమును చూపుట, ప్రతిపక్షి ప్రశ్నను తానే ముందుగా వేసికొనుట ఇందు గలవు. ప్రకృతిని పరిశీలించుటయు లేకపోలేదు. నెయ్యి, లక్క మొదలైనవి వేడిమికి కరగును గాని, కాచిన కొలది మాడిపోవును. బంగారము ఎంత కాచినను తన ద్రవత్వమును కోల్పోదు. కావున బంగారము పృథివి కాదు, తేజస్సని దీపిక వాదించుచున్నది. వచ్చిన నిర్ణయము నేడు నిలువదు. కాని మూసయెదుట కూర్చున్న కంసాలి పనిని శ్రద్ధతో చూడనివానికి ఈ హేతువు తోచదు.

కుండ కాల్చుటను గూర్చిన వివాదము ఇంతకంటె ఆసక్తికరము. పచ్చికుండ ఆవములో ఎఱ్ఱనగును. ఆ మార్పు ఎచ్చట జరిగినది? కుండ పరమాణువులుగా విడిపోయి, పరమాణువులే రంగు మారి, తిరిగి కుండగా కూడినవని వైశేషికులందురు. దీనిని పీలుపాకవాద మందురు. కుండ కుండగా నుండగనే మార్పు జరిగినదని నైయాయికులందురు; ఇది పిఠరపాకవాదము. వస్తువు మారునపుడు దాని లోపలి కణములకేమగును? రసాయనశాస్త్రపు మూలప్రశ్న యిదియే. ఇంత దగ్గఱకు వచ్చిన శాస్త్రము ఆ గడపనేల దాటలేదు? విమర్శకుడు విచారింపవలసిన దిది.

దీనికి సమాధానము తర్కసంగ్రహములోనే యొక చిన్న వాక్యమునందు దొరకును. అన్నంభట్టు చెప్పిన యిరువదినాలుగు గుణములలో గురుత్వ మొకటి. వస్తువు మొదట క్రిందికి పడుటకు గల కారణమే గురుత్వమని లక్షణము చెప్పి, అది పృథివియందును జలమునందును మాత్రమే యుండునని ఆయన ముగించెను. వాయువునకు బరువు లేదు; తేజస్సునకు బరువు లేదు. బంగారము బరువుగా నుండుట యెట్లన్నచో అందు కలిసిన పార్థివభాగమువలన నని సర్దుకొనవలసివచ్చినది. గురుత్వము పేరు గల గుణమైనది గాని, కొలువదగిన రాశి కాలేదు. అంగడివాడు దినమంతయు చేతబట్టు త్రాసు శాస్త్రజ్ఞుని గదిలోనికి రాలేదు.

ఐరోపాలో రసాయనశాస్త్రము త్రాసుతోడనే ప్రారంభమైనది. అందును గాలిని తూచుటతో ప్రారంభమైనది. మండునపుడు వస్తువు గాలిలోని యొక భాగముతో కలియునని ఫ్రాన్సు దేశీయుడైన లవోయిజే తూచి చూపెను. మార్పునకు ముందును తరువాతను మొత్తపు బరువు సమానమని 1789లో ప్రకటించిన తన గ్రంథమున నిరూపించెను. ఒక సమ్మేళనమును ఎచ్చట, ఎట్లు తయారుచేసినను అందలి మూలపదార్థముల బరువుల నిష్పత్తి మాఱదని అదే దేశమువాడైన ప్రూస్టు ఆ శతాబ్ది చివర స్థాపించెను. 1803లో మొదటి పరమాణుభారముల పట్టికను గూర్చి, 1808లో తన గ్రంథపు మొదటి భాగమును ప్రకటించిన ఇంగ్లాండు దేశపు ఉపాధ్యాయుడు జాన్ డాల్టను ఈ తూకములకు కారణము చెప్పెను. ఒక్కొక్క మూలపదార్థపు పరమాణువునకు ఒక్కొక్క నిర్ణీతమైన బరువు గలదు; అవి చిన్న పూర్ణసంఖ్యలలో కూడుచున్నవి; కావుననే నిష్పత్తులు మాఱకున్నవి అనెను.

మా తణుకు చెఱకు పండించు సీమ. ఆంధ్రా షుగర్సు కర్మాగారము ఇచ్చట 1947లో స్థాపింపబడినది. కావున పంచదారనే యుదాహరణముగా గైకొందము. 342 భాగముల పంచదారలో కర్బనము 144, ఉదజని 22, ఆమ్లజని 176 భాగములుండును. తణుకు చెఱకునుండి తీసినను, ఐరోపాలోని బీటుదుంపనుండి తీసినను, శుద్ధిచేసిన పిమ్మట ఈ లెక్క మాఱదు. ఈ యంకెలేల యిట్లున్నవి? కర్బన పరమాణువు 12, ఉదజని 1, ఆమ్లజని 16 వంతుల బరువు గలవి. ఒక పంచదార అణువులో అవి క్రమముగా 12, 22, 11 గలవు. గుణించి చూచినచో లెక్క సరిపోవును. ఇచ్చట ఉదజనికి ఎనిమిదింతలు ఆమ్లజని యున్నది. నీటిలోను అదియే నిష్పత్తి. కావుననే పంచదారను గరిటెలో వేసి కాచినపుడు నీటి యావిరి పోయి నల్లని బొగ్గు మిగులుచున్నది. ఇది ఏ గృహిణియు తన పొయ్యిమీద చూడదగిన విషయము. అదే కర్మాగారమువారు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రాకెట్లకు కావలసిన ద్రవ ఇంధనమును గూడ తణుకులో తయారుచేయుదురు. చెఱకురసమునకును రాకెట్టునకును నడుమ నున్న వంతెన ఈ బరువుల లెక్కయే.

ఇపుడు రెండు పరమాణువులను పోల్చి చూడవచ్చును. అన్నంభట్టు పరమాణువు నిత్యము, నిరవయవము. దానిని తప్పని నిరూపింపగల పరీక్ష యేదియు నాతడు చెప్పలేదు. డాల్టను పరమాణువు తప్పులతో పుట్టినది. నీటిలో ఉదజని యొకటి, ఆమ్లజని యొకటి యని ఆతడు భ్రమపడెను; అందుచే ఆమ్లజని బరువు 7 అని గట్టెను. 1811లో అవగాడ్రో చూపిన మార్గమును కానిజారో 1858లో స్పష్టపఱచి, 1860లో కార్ల్సురూహె సభలో రసాయనవేత్తల ముందుంచిన పిమ్మట ఆ తప్పు తీరినది. సరియైన బరువులు దొరకగానే 1869లో మెండలీవు మూలపదార్థములను వరుసగా బేర్చి, ఇంకను కనుగొనని వానికి ఖాళీగదులు విడిచెను. ఆ గదులు కొన్ని ఆతని జీవితకాలముననే నిండినవి.

పరమాణువు అవిభాజ్యమని డాల్టను చెప్పెను, 1897లో జె. జె. థామ్సను ఎలక్ట్రానును కనుగొనుటతో ఆ మాట పోయినది. ఒక మూలపదార్థపు పరమాణువులన్నియు సమానభారము గలవనెను. 1913లో సాడీ ఐసోటోపులను నిరూపించుటతో ఆ మాటయు పోయినది. 1909లో రూథర్‌ఫర్డు శిష్యులు పలుచని బంగారు రేకుమీదికి ఆల్ఫాకణములను పంపిరి. ఎక్కువభాగము దూసికొని పోగా, ఏ కొన్నియో వెనుకకు మఱలెను. పరమాణువులో అధికభాగము శూన్యమనియు, దాని బరువంతయు ఇంచుమించుగా నడిమి కేంద్రకమునందే యిమిడియున్నదనియు రూథర్‌ఫర్డు 1911లో నిర్ణయించెను. దీపికలో తేజస్సుగా చెప్పబడిన ఆ బంగారమే యిచ్చట సాక్ష్యము పలికినది. 1913లో బోరు ఎలక్ట్రానుల కక్ష్యలను గూర్చి చెప్పెను. అదే కాలమున మోజ్లీ పరమాణుసంఖ్యకు అర్థము చెప్పెను. 1932లో చాడ్విక్కు న్యూట్రానును కనుగొనెను. డాల్టను మాటలు ఒక్కొక్కటిగా రాలిపోయినను ఆతని మార్గము నిలిచినది. తప్పుపట్టుటకు వీలు గల మాట గనుకనే అది దిద్దబడినది. దిద్దబడినది గనుకనే పెరిగినది.

రసాయనవేత్తలు సైతము పరమాణువును సులభముగా నమ్మలేదని మఱువరాదు. ఆస్ట్వాల్డు వంటి పండితుడు అది లెక్కకు పనికివచ్చు కల్పన మాత్రమే యని చిరకాలము వాదించెను. నీటిలో తేలు సూక్ష్మరేణువుల చలనమును 1905లో ఐన్‌స్టైను లెక్కగట్టగా, పెర్రిను దానిని కొలిచి చూపిన మీదటనే ఆయన లొంగెను. రేణువును చూచి పరమాణువును ఊహించుట ఇరువురకును సమానమే. కాని దీపిక లెక్కలో ఎండలోని రేణువునకు పరమాణువులు ఆఱు. కొలిచినవారి లెక్కలో అంతటి రేణువునకు అవి కోటికోట్ల మేరకుండును.

ఇక మాటల సంగతి. మన పాఠ్యపుస్తకములలో పరమాణువనగా మూలపదార్థపు కనిష్ఠకణము. అణువనగా పరమాణువుల కూడిక. ఈ విభాగము చక్కనిది. ద్వ్యణుక త్ర్యణుకముల జాడలో నడచినది. కాని పత్రికలలో అణుబాంబు, అణుశక్తి, అణువిద్యుత్తు. ఇవి అణువుకు సంబంధించినవి కావు సరిగదా, కచ్చితముగా జూచిన పరమాణువుకును గాక దాని కేంద్రకమునకు సంబంధించినవి. ఉదయము బడిలో అణువనగా పంచదార పలుకులోని కణమని నేర్చిన బాలిక, సాయంకాలము శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో తలపెట్టిన అణువిద్యుత్కేంద్రమును గూర్చి పత్రికలో చదివి ఏమి గ్రహింపగలదు? భూమిని, ఆరోగ్యమును గూర్చిన పెద్ద ప్రశ్నలకు ప్రజలు సమాధానము చెప్పవలసిన దినములలో మాట మసకబారుట చిన్న దోషము కాదు. కేంద్రకశక్తి యనునది సిద్ధముగా నున్న మాటయే; దానిని వాడుట కష్టము కాదు.

మాటకంటె పెద్ద దోషము బోధనలో నున్నది. సూర్యునిచుట్టు గ్రహములవలె ఎలక్ట్రానులు తిరుగుచున్నట్లు బొమ్మ వేయించి, బాలురచేత వల్లెవేయించి, పరీక్షలో మార్కులిచ్చుచున్నాము. ఆ బొమ్మ 1920వ దశకములోనే మాఱినదని చెప్పువారు తక్కువ. అది ఎట్లు తెలిసినదని యడుగువారు అంతకంటె తక్కువ. తూకము చూపక డాల్టనును బోధించుటయు, దీపిక చదువక కణాదుని కీర్తించుటయు ఒక్కటే తప్పు. రెండింటను బాలుడు నేర్చునది ప్రమాణమడుగక నమ్ముట. వందయేండ్ల క్రిందట ఋషివాక్యమని నమ్మినవాని మనుమడు నేడు పుస్తకవాక్యమని నమ్మినచో మనము సంస్కరించినదేమి?

రెండు విద్యలును ఒకే మనిషియందు పొసగునా యని సందేహించువారు స్వామి జ్ఞానానందుని జీవితమును చదువుదురు గాక. భీమవరము చేరువనున్న గొరగనమూడిలో 1896లో జన్మించిన ఈ గోదావరి సీమవాడు సన్యసించి హిమాలయములలో యోగసాధన చేసెను. పిదప ఐరోపాకు బోయి ప్రాగు నగరమున ఎక్సుకిరణములపై పరిశోధించి, లివర్‌పూలులో చాడ్విక్కునొద్ద పనిచేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్రశాఖను నెలకొల్పెను. యోగమునకు యోగపు సాధనమును, కిరణమునకు పరికరమును వాడిన మనిషి. కాషాయము కట్టినంతమాత్రమున కొలత మానలేదు.

కాబట్టి అన్నంభట్టును మన పిల్లలకు తప్పక చదివింతము. విదేశీయుల పరమాణువును ముందే కనుగొన్నవాడని కాదు. ఆ కీర్తి ఆయనది కాదు, ఆయన కోరలేదు. ఏ మాటకైనను హేతువేమి, దృష్టాంతమేమి, ప్రతిపక్షి యేమనును అని అడుగవలెనని నేర్పినవాడని చదివింతము. ఆ ప్రశ్నలు నేర్చిన పిల్లవానిచేతికి పిమ్మట నొక త్రాసు నిత్తము. తర్కమొక్కటియే యున్నచోట కుండ వివాదము శతాబ్దములు సాగినను తేలలేదు. త్రాసొక్కటియే యున్నచోట అంగడి వెలసినది గాని శాస్త్రము వెలయలేదు. ఈ రెండును మన బడిలో నొకే బల్లమీదికి వచ్చిననాడు పరమాణువు నిజముగా తెలుగువారిదగును.