'పానం' తప్పా? ఒక ఆటగాడి మాటల మీద

భాషలో తప్పు ఎక్కడ పుడుతుంది? పలికేవాడి నోట్లోనా, వినేవాడి చెవిలోనా? ప్రశ్న పాతదే. అయితే మేమిక్కడ చర్చకు తీసుకుంటున్నది కవిత్వాన్నో కథనో కాదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో కూచుని సెల్‌ఫోన్‌లో ఆట ఆడుతూ, దాన్ని యూట్యూబ్‌లో అప్పటికప్పుడు చూపిస్తూ, గంటల తరబడి మాట్లాడే ఒక యువకుడి మాటల్ని. ఇదీ విమర్శకు వస్తువేనా అని కొందరు మిత్రులు అడిగారు. మన పిల్లలు అర్ధరాత్రి దాకా చెవులకు తగిలించుకుని వింటున్న తెలుగు ఇదే గనుక వస్తువే అని మేమనుకుంటున్నాం.

విజయవాడ రోడ్డూ సాగర్ రోడ్డూ ఎల్.బి. నగర్ దగ్గర కలుస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి, ఆ అవతల కృష్ణా, గుంటూరు నుంచీ వచ్చే బస్సులు పిల్లల్ని ఇక్కడే దించుతాయి. అక్కడి నుంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి. నగర్ దాకా వచ్చాక ఈ రద్దీ ఇంకా పెరిగింది. ఒకే గదిలో నాలుగు జిల్లాల తెలుగు పడుకుని లేస్తుంది. అందులో ఏ తెలుగు నవ్వుతుంది, ఏ తెలుగు నవ్వులపాలవుతుంది అన్నది మాత్రం ముందే తేలిపోయి ఉంటుంది.

ఆట అందరికీ తెలిసిందే. పబ్జీ మొబైల్‌ను ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. 2021 జులైలో అది బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ మొదలైంది. అందులో ఆటగాడి బలాన్ని చూపే గీతను 'హెల్త్' అంటారు. మన యువకుడు దాన్ని 'పానం' అంటాడు. "నా పానం తక్కువుందన్నా, పట్టి గట్టుకుంట, ఆగు" అంటాడు. చూసేవాళ్లు పక్కన నవ్వు బొమ్మలు పెడతారు. 'ప్రాణం అనరా' అని ఒకడు రాస్తాడు. దిద్దిన ఆ మాట ఇక్కడ అతుకుతుందా? ప్రాణం ఉంటుంది, లేకపోతే పోతుంది. సగం ప్రాణం ఉందని ఎవరూ లెక్కగట్టరు. తెలంగాణ పల్లెల్లో 'పానం మంచిగ లేదు' అంటే ఒంట్లో బాగాలేదని. పానం తగ్గుతుంది, కుదుటపడుతుంది. ఆటలోని ఆ గీతకు ఇంతకంటే సరైన తెలుగు మాట ఉంటే ఆ దిద్దినాయనే చెప్పాలి.

ఇట్లాంటిదే 'పెంక'. తూటాల్ని ఆపే వేపుడు పాన్ ఒకటి ఆ ఆటలో ఉంది. దాన్ని వీపుకు తగిలించుకుని అతను "పెంక దొరికింది, ఇగ ఎవ్వడేం జేస్తడు" అంటాడు. రొట్టెలు కాల్చే పెనాన్ని అతని ఇంట్లో పెంక అనే అంటారు. 'పెంకుటిల్లు దొరికిందా బ్రో' అని వెటకారం. ఇక 'లూటీ'. సామాను ఏరుకోవడాన్ని ఆటలో 'లూట్' అంటారు. అతను 'లూటీ జేద్దాం' అన్నందుకు మొరటోడని పేరు. లూట్ అనేది హిందుస్తానీ మాటే. కంపెనీ దొరలు మన దేశాన్ని దోచుకుంటూ 18వ శతాబ్దం చివర దాన్ని తమ ఇంగ్లీషులోకి మోసుకుపోయారు. దొర నోట్లో తిరిగొచ్చిన మాట ఇంపుగానూ, ఇంట్లోనే ఉన్న మాట మొరటుగానూ వినపడుతున్నాయన్నమాట!

ఇంకో సంగతి చూడండి. ఆ ఆటలో పోచింకి అనే ఊరుంది. పేరు రష్యన్‌ది. రష్యన్లు అందులోని మొదటి ఓకారాన్ని దాదాపు అకారంగా పలుకుతారు, ఊనికంతా రెండో అక్షరం మీద పెడతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో గానీ జూబిలీహిల్స్‌లో గానీ అట్లా పలికినవాణ్ణి మేం చూడలేదు. ఎవరూ నవ్వరు, ఎవరూ దిద్దరు. అంటే ఉచ్చారణ తప్పడం మీద వీళ్లకు పట్టింపేమీ లేదు. ఎవడి ఉచ్చారణ అన్నదే పట్టింపు.

అతను 'శ'ను 'స' అంటాడు. 'ధన్యవాదాలు'లో ఒత్తు పలకడు. 'భాష' అతని నోట 'బాస'. వ్యాకరణం పేరుతో బెదిరించేవాళ్ల కోసం ఒక్క మాట. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకు వర్ణాలు ముప్పయ్యారు అన్నాడు. ఆ ముప్పయ్యారులో ఒత్తక్షరాలు లేవు, 'శ' లేదు, 'ష' లేదు. అవి సంస్కృతం వెంట వచ్చినవి. పండితుడి లెక్క ప్రకారమే చూసినా ఈ పిల్లవాడు పలికేది అచ్చమైన తెలుగు. ఒత్తులు నేర్పే బడి ఎవరికి ఎన్ని తరాలుగా తెరిచి ఉంది, ఎవరికి మూసి ఉంది అన్నదే ఆ ఒత్తుల చరిత్ర.

గిడుగు రామమూర్తి గ్రాంథికాన్ని కూలదోశాడు, సవర భాషకు వ్యాకరణం రాశాడు. ఆయన కృషిని తక్కువ చేయం. కానీ ఆ పోరాటంలో గెలిచి పుస్తకాల్లోకి, పత్రికల్లోకి ఎక్కింది శిష్టుల వ్యావహారికం. వాడ వ్యావహారికం గడప బయటే నిలబడింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చేనాటికి దళిత కవులు ఆ గడపను తోసుకుని లోపలికొచ్చారు. ముప్పయ్యేళ్లు గడిచాయి. పుస్తకంలో ఒప్పుకున్న మాటను సెల్‌ఫోన్‌లో ఒప్పుకోలేకపోతున్నారు.

ఎగతాళి ఎగతాళిగానే ఆగితే ఇంత రాసేవాళ్లం కాదు. 'ఏ ఊరన్నా?' తర్వాత 'ఊళ్లో ఎక్కడ?' అని వస్తుంది. ఆ తర్వాత 'వాడనా?' అని. యాస మీదుగా కులానికి దారి వెతుక్కోవడం ఇది. అతని కులమేదో మేం రాయం. అడిగే హక్కు వాళ్లకెవరిచ్చారన్నదే మా ప్రశ్న. కులం పేరు పెట్టి తిట్టేదాకా పోయినవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రజల కళ్లెదుట జరిగే కుల దూషణను నేరమంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియో కూడా ప్రజల కళ్లెదుట ఉన్నట్టేనని కేరళ హైకోర్టు 2022 జులైలో చెప్పింది.

అట్లాగని అతన్ని నెత్తికెత్తుకోబోం. ఎగతాళి ముదిరినప్పుడు అతను తన మాటను తానే ముందు వెక్కిరించుకుంటాడు. కూలికిపోయే ముసలమ్మ గొంతు పెట్టి 'ఓ కొడుకా' అని దీర్ఘాలు తీస్తాడు. నవ్వు తెప్పించి తప్పించుకునే ఉపాయం అది. ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో అతనికి తెలియదనుకోలేం. అంతకంటే మమ్మల్ని కలవరపెట్టింది మరో మాట. ఓడిన ప్రతిసారీ అతను "చండాలంగ ఆడినవ్ రా" అంటాడు. చండాలురంటే మనుస్మృతి ఊరి బయట ఉండమని శాసించిన జనం. ఆ జనం పేరే మన భాషలో రోతకు పర్యాయపదమై కూచుంది. పంతుళ్లు, లీడర్లు, సినిమావాళ్లు అందరూ వాడేదే, అతనొక్కడే కాదు. అయినా విచిత్రం చూడండి, 'పానం' దగ్గర ఎగిరిపడిన చెవులు ఈ మాట దగ్గర నిద్రపోతాయి. ఒత్తులు లేకపోవడం తప్పుగా వినపడ్డవాళ్లకు ఇది మాత్రం శుద్ధంగానే వినపడుతుంది.

ఈమధ్య ఒక రాత్రి మేం చూస్తుండగా, చూసేవాళ్లలో ఒకమ్మాయి 'అన్నా, ఆ మాట వద్దు' అని రాసింది. అతను చదివాడు. "ఏ మాట చెల్లె?" అన్నాడు. ఆ అమ్మాయి జవాబు రాసేలోపే జోన్ మూసుకుని అతని పానం అయిపోయింది. తర్వాతి ఆట మొదలుపెట్టాడు.