బ్యాండ్ నుంచి బయటికొచ్చిన గొంతు

బ్యాండ్‌లో పాడే మనిషి బ్యాండ్ వదిలేస్తే ఎక్కడికి పోతాడు? ఇంగ్లీషు పాటల లోకంలో దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంది. సొంత ఆల్బమ్ చేస్తాడు. వామ్ నుంచి బయటికొచ్చిన జార్జ్ మైకేల్ 1987లో 'ఫెయిత్' చేశాడు. యురిథ్మిక్స్ గాయని ఆనీ లెనాక్స్ 1992లో 'డీవా' చేసింది. ఇన్నాళ్ళూ నలుగురి మధ్య విన్న గొంతు ఇప్పుడు ఒంటరిగా ఏం చెప్పుకుంటుందో ఓ నలభై యాభై నిమిషాలు కూర్చుని వినొచ్చు. తెలుగులో మాత్రం దాదాపు ప్రతిసారీ జవాబు ఒకటే: సినిమాకి పోతాడు.

రామ్ మిరియాల విషయంలో ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. హైదరాబాదు బ్యాండ్ 'చౌరస్తా'లో పాడిన రోజుల నుంచి, సినిమా పాటల్లో స్థిరపడిన ఇప్పటి వరకు ఆయన పాడిన వాటిలో ఏడు పాటలు ఎంచుకుని, ఇదే ఆయన మొదటి ఆల్బమ్ అనుకుని వరుసగా విన్నాను. ఇలా పేర్చి ఎవరూ విడుదల చేయలేదు, పేర్చింది నేనే. ఒక గొంతు ఎటు నుంచి ఎటు నడిచిందో తెలియడానికి ఇంతకన్నా దారి కనపడలేదు.

మొదటిది చౌరస్తా రోజుల 'మాయ'. రెగే నడక, తెలుగు మాట. రాయలసీమలో పుట్టి పెరిగిన చెవికి మాయ అనే మాట ఊరికే వినపడదు. వేమన పద్యాలూ, బ్రహ్మంగారి తత్వాలూ వెనకనుంచి మోగుతాయి. తత్వం పాడేవాడికి గొంతు నునుపుగా ఉండనక్కర్లేదు, చెప్పేది నమ్మి పాడాలంతే. రామ్ గొంతులో ఆ నమ్మకం ఉంది. కొంచెం గరుకు, కొంచెం ముక్కుతో పలకడం, పాదం చివర పట్టూ పట్టనట్టు వదిలేయడం. రెండోది 2020లో కరోనా మొదలైనప్పుడు వచ్చిన 'చేయి చేయి కలపకురా'. జాగ్రత్తలు చెప్పే పాటలు సాధారణంగా ప్రభుత్వ ప్రకటనల్లా ఉంటాయి. ఇది మాత్రం అరుగు మీద కూర్చున్న పెద్దాయన మాటలా ఉంటుంది. భయపెట్టకుండా బుద్ధి చెప్పడం ఈ గొంతుకి వచ్చు.

ఇక సినిమా. 'జాతిరత్నాలు' (2021)లో రధన్ బాణీ, రామజోగయ్య శాస్త్రి సాహిత్యంతో 'చిట్టి' వచ్చింది. నవ్వుతూ పాడిన పాట. అతిగా మెరుగులు దిద్దిన ప్రేమ పాటల మధ్య ఈ గరుకు గొంతు వినపడగానే జనం గుర్తుపట్టారు. అయితే అక్కడ నవ్వుతున్నది రామ్ కాదు, నవీన్ పోలిశెట్టి వేసిన అమాయకుడు. 'భీమ్లా నాయక్' పాటలో ఇంకొందరితో కలిసి పాడాడు. హీరో ఎత్తు పెరిగేకొద్దీ గొంతు గుంపులో కలిసిపోయింది. నా వరసలో ఇదే బలహీనమైన పాట. 'బలగం' (2023)లో భీమ్స్ సంగీతంలో మంగ్లీతో పాడిన 'ఊరు పల్లెటూరు' దానికి సరిగ్గా ఎదురు. అందులో హీరో లేడు, ఊరే ఉంది. అందుకే గొంతుకి చోటు దొరికింది.

'డీజే టిల్లు' (2022)లో 'టిల్లు అన్న డీజే పెడితే', 'టిల్లు స్క్వేర్' (2024)లో 'టికెట్ ఏ కొనకుండా' రెంటికీ బాణీ కూడా ఆయనదే, సాహిత్యం కాసర్ల శ్యామ్‌ది. మొదటిది గొప్పలు చెప్పుకునే పాట. రెండోది ఆ గొప్పలు చెప్పుకున్నవాడినే ఆటపట్టించే పాట. ఏడింటిలోనూ నాకు నచ్చింది ఇదే. వెక్కిరింతలో జాలి కలిపి పాడాలంటే గొంతుకి ఈడు రావాలి. కానీ ఇక్కడ కూడా జాలి ఎవరి మీద? టిల్లు మీద. రామ్ మిరియాల తన మీద తాను జాలిపడితే, తన మీద తాను నవ్వుకుంటే ఎలా ఉంటుందో ఈ పాటలు చెప్పవు.

ఆల్బమ్ అనేది తెలుగువాళ్ళకి చేతకాని పనేం కాదు. తిరుపతిలో ఉన్నవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల' అయిదు రికార్డుల వరస. ఒకే గొంతు, ఒక ఆలోచనతో కూర్చిన క్రమం. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ అన్నమయ్య కీర్తనలకి వందలుగా బాణీలు కట్టి తానే పాడాడు. 2025 మార్చిలో ఆయన పోయినప్పుడు మా ఊళ్ళో చాలామందికి ఇంట్లో మనిషి పోయినట్టే అయింది. సినిమా హీరో ఎవరూ అడ్డం రాకుండా ఒక గొంతుకీ వినేవాడికీ నేరుగా చుట్టరికం కుదరడం అంటే అదే. అయితే ఆ చుట్టరికం దేవుడి పేరు మీద కుదిరింది. మామూలు మనిషి బాధ, ప్రేమ, అప్పు, ఊరు వదిలిపోవడం మీద కుదిరిన సందర్భాలు వెతుక్కోవాలి.

చిత్తూరు జిల్లావాళ్ళకి ఇందులో ఇంకో ముల్లు ఉంది. 'పుష్ప' (2021) మాటలు మా యాసలో ఉన్నాయని మురిసిపోయాం. కానీ 'శ్రీవల్లి' పాడిన సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగాడు. ఆయన గొంతు మీద ఫిర్యాదేం లేదు, ఎంత బాగా పాడాడో అందరికీ తెలుసు. అదే మనిషి తన లోపలి సంగతులు చెప్పుకోవాల్సొచ్చినప్పుడు 2019లో 'ఎంట్రపీ' అని ఇంగ్లీషులో ఆల్బమ్ చేశాడు. అద్దెకి పాడింది మన పుష్పరాజు ప్రేమ, సొంతంగా పాడుకున్నది ఇంకో భాషలో. ఇక మంగ్లీ తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్న సీమ అమ్మాయి. పేరు తెచ్చుకున్నది తెలంగాణ పాటలతో. గొంతులు ఎక్కడికైనా పోవచ్చు, పోవాలి కూడా. కాకపోతే మా పలుకులో తన సంగతి తాను చెప్పుకునే ఒక్క పాప్ ఆల్బమ్ కోసం నా చెవి ఇంకా కాచుకునే ఉంది.

సినిమాని తిట్టి లాభం లేదు. డబ్బు అక్కడుంది, వినేవాళ్ళు అక్కడున్నారు. బ్యాండ్ పెట్టుకుని ఇల్లు గడపడం ఎంత కష్టమో చిన్న కచేరీలు చేసే ఎవరినడిగినా చెప్తారు. రామ్ సినిమాకి పోవడం తప్పని నేననను. టిల్లు పాటల్లో పాడేవాడూ బాణీ కట్టేవాడూ ఒక్కడే అయ్యాడు, అది పెద్ద అడుగు. ఇంకొక్క అడుగు వేస్తే చాలు. హీరో పేరు లేకుండా, సన్నివేశం చెప్పే డైరెక్టర్ లేకుండా, 'మాయ' పాడిన ఆ గరుకు గొంతుతో ఎనిమిది పాటలు. అప్పుడు రాసే సమీక్షలో నేను పాటలు పేర్చుకోవాల్సిన పని ఉండదు.