పెరటి పెట్టకు ఒక పేజీ నియమం

మునిసిపాలిటీలో ఇల్లున్నవాళ్లు పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకోవచ్చా? ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. నాటుగుడ్డు కోసం అడిగేవాళ్లు కొందరు, పిల్లలకు సరదా అని కొందరు, చిన్నప్పుడు అమ్మమ్మ గంప కింద కమ్మిన కోళ్లు మళ్లీ ఇంటికి రావాలని కొందరు. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పగలిగితే బాగుండేది. మా పట్టణంలో ఇంటికి ఎన్ని పెట్టలుండొచ్చు, గూడు ప్రహరీకి ఎంత ఎడంగా కట్టాలి, పుంజు ఉండొచ్చా అని రాసిన కాగితం నాకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేయనంత కాలం అంతా సవ్యమే. చేసిన రోజున శానిటరీ ఇన్‌స్పెక్టర్ గుమ్మం ముందుకొస్తారు.

ఆ రోజు తీసి చూపించడానికి చట్టాలు లేకపోలేదు. నలుగురికీ ఇబ్బంది కలిగించడం భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ న్యూసెన్స్. ఆ ఇబ్బందిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ ఉంది. కోళ్ల ఫారాలు ఇళ్లకు 500 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ అది 5,000 కోళ్లు, అంతకు మించి పెంచే షెడ్ల కోసం రాసిన దూరం. దాన్ని తెచ్చి జామచెట్టు కింద మట్టి కెలుక్కునే నాలుగు పెట్టలకు అంటగట్టడం న్యాయం కాదు. ఇక న్యూసెన్స్ సెక్షన్ తగువు ముదిరాక అక్కరకొస్తుందే తప్ప, ఎలా పెంచితే తగువు రాదో చెప్పదు.

ఈ వెలితి ఎక్కువగా తెలిసొచ్చేది ఊరి అంచున. 2018లో తెలంగాణలో చుట్టుపక్కల పంచాయతీలను కలిపి పదుల సంఖ్యలో కొత్త మునిసిపాలిటీలు ఏర్పాటు చేశారు. ఆంధ్రలోనూ పట్టణాలు పక్క పల్లెలను కలుపుకుంటూనే ఉన్నాయి. పొలాలు వెంచర్లయ్యాయి, పాత పెంకుటింటి పక్కన మూడంతస్తుల మేడ లేచింది. మేడలోకి వచ్చినవాళ్లు అప్పు చేసి ఇల్లు కట్టుకున్నారు, తెల్లవారుజామున కంటినిండా నిద్రపోవాలనుకోవడం వాళ్ల తప్పు కాదు. పెంకుటింటి ముసలమ్మకు గుడ్లమ్మగా కొంగున ముడేసుకునే డబ్బే సొంత సంపాదన, అదీ తప్పు కాదు. ఇద్దరికీ వర్తించే కొలత లేనప్పుడు పలుకుబడి ఉన్నవాళ్ల మాటే చెల్లుతుంది. నన్ను బాధపెట్టేది అదే.

ఫ్రాన్స్‌లో ఇలాంటి తగువు కోర్టుకెక్కింది. ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు కూత భరించలేకపోతున్నామని పక్కింటి దంపతులు దావా వేస్తే, 2019 సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు పుంజు తరఫునే తీర్పిచ్చింది. 2021 జనవరిలో పల్లెల శబ్దాలనూ వాసనలనూ వారసత్వంగా గుర్తిస్తూ అక్కడ చట్టమే వచ్చింది. పల్లెటూరికి అది తగిన చట్టమే. ఇరుకు పట్టణానికి మాత్రం అమెరికాలోని సియాటిల్ నగరం దారి నాకు నచ్చుతుంది. అక్కడ ఇంటి స్థలంలో ఎనిమిది కోళ్ల దాకా పెంచుకోవచ్చు. పుంజు కూడదు. గూడు పక్క స్థలంలోని ఇంటికి పది అడుగుల ఎడంలో ఉండాలి. న్యూయార్క్ నగరం కూడా పెట్టలను ఒప్పుకుని పుంజును ఒప్పుకోదు. కోళ్లు కొనకముందే చదివి తెలుసుకోగలిగే లెక్కలివి.

పుంజు వద్దంటే కోళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు కష్టంగానే ఉంటుంది. అయినా పట్టణంలో ఆ నియమం ఉండాల్సిందే. పుంజు వెలుగు చూశాక మాత్రమే కూస్తుందనుకుంటాం గానీ, దాని ఒంట్లోనే గడియారం ఉందనీ, తెల్లవారకముందే కూత మొదలవడానికి అదే కారణమనీ జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపించారు. కాబట్టి గూటికి గోనెపట్టా కప్పినంత మాత్రాన కూత ఆగదు. దగ్గర నుంచి వింటే ఆ కూత 100 డెసిబెల్స్ దాటుతుంది. మన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 45. పైగా పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పనే లేదు. పిల్లలు కావాలనుకుంటే ఊళ్లోంచి పుంజు తిరిగిన గుడ్లు తెచ్చి, పొదుగుకొచ్చిన పెట్ట కింద పెడితే 21 రోజులకు పిల్లలవుతాయి. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోసం పెరళ్లలో కట్టేసి మేపే పందెం పుంజుల సంగతి వేరు. జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోడిపందెం నేరం. ఇంటి గుడ్డు కోసం పెంచే పెట్టను దానితో కలిపి చూడకూడదు.

కూత తర్వాత ఫిర్యాదు వచ్చేది వాసన మీద. రెట్ట ఉంటే కంపు తప్పదనుకుంటారు. అసలు కంపు పుట్టేది తడి వల్ల. ఎండిన రెట్ట మట్టిలా పొడైపోతుంది, తడిసిన రెట్టలోంచి అమ్మోనియా లేచి కళ్లు మండుతాయి. అందుకే గూటి నేల మీద నాలుగు అంగుళాల మందాన వరి ఊక పోస్తాను. పొద్దున తలుపు తీసి కోళ్లను వదిలాక మొదటి పని, ఊకను గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి చూడటం. గుప్పిట విప్పగానే జలజలా రాలితే సరే, ముద్దకట్టి నిలబడితే ఆ చోటంతా ఎత్తి కొత్త ఊక వేయాలి. ముద్దకట్టేది సాధారణంగా నీళ్ల మూకుడి చుట్టూనే. మూకుడు కింద ఇటుక పెట్టి కోడి వీపు ఎత్తుకు లేపితే కాళ్లతో కెలికి ఒలకబోయడం తగ్గుతుంది. వానాకాలంలో కాస్త పొడి సున్నం చల్లుతాను. ఎత్తిన ఊక ఒక మూల మాగి, కరివేపాకు మొదటికి, మునగ మొదటికి వెళ్తుంది. పొద్దుగూకేలోపు మిగిలిన నూకలు మూత డబ్బాలోకి ఎత్తేయాలి. మేత మిగిలితే ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. ఆ రెండింటికీ ప్రహరీ ఒక లెక్క కాదు.

దూరం దగ్గర మాత్రం సియాటిల్ లెక్క మనకు అతకదు. 150 గజాల స్థలంలో ఇల్లు కట్టాక వెనక మిగిలేది మూడు నాలుగు అడుగుల సందు. పది అడుగులు కావాలంటే పేదవాళ్లెవరూ కోడిని పెంచలేరు. మన నియమం కిటికీని చూసి రాయాలి. పక్కింటి పడకగది కిటికీకీ వంటింటి కిటికీకీ ఎదురుగా గూడు ఉండకూడదు, పెరడు ఇరుకైతే పక్కింటివాళ్ల సమ్మతి కాగితం మీద ఉండాలి. డాబా మీద గూడు కడతామనేవాళ్లకు ఇంకో మాట కూడా రాయాలి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి దించుకుంటుంది. మే నెలలో డాబా మీద రేకుల గూడంటే దానికి ప్రాణాపాయమే. నీడ, గాలి, చల్లని నీళ్లు లేనిచోట పెంచకూడదని నియమంలో ఉండాలి. పెంచేవాళ్ల హక్కుతో పాటు కోడి పక్షాన కూడా ఒక వాక్యం ఉండొద్దా!

అన్నిటికంటే ముఖ్యం పేరు నమోదు. ఈ మాట వినగానే పన్ను వేస్తారేమో అని భయపడతారు. నేను అడిగేది రుసుము లేని నమోదు. కొక్కెర తెగులు సోకితే రెక్కలు వాల్చి, పచ్చగా పారి, మెడ తిరిగి, వాడంతా రోజుల్లో ఖాళీ అవుతుంది. దానికి మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టుబి సూది ఉన్నాయి. కానీ టీకా సీసా వంద కోళ్లకూ అంతకు మించీ సరిపడేలా వస్తుంది, కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి. నాలుగు పెట్టలున్న ఇల్లాలు ఒక్కతే సీసా కొనలేదు. వార్డులో ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో పశువుల ఆసుపత్రికి తెలిస్తే ఒకే పూట వీధంతా టీకా వేయొచ్చు.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఇలాంటప్పుడు చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం పద్ధతి. ఆ కిలోమీటరు లోపల పెరటి కోళ్లకూ మినహాయింపు ఉండదు. చంపిన కోళ్లకు పరిహారం ఉంటుంది, కానీ లెక్కలో లేని కోడికి పరిహారం అడగడం ఎంత కష్టం! ఇంగ్లండ్‌లో 2024 అక్టోబరు నుంచి ఒక్క కోడి ఉన్నా నమోదు తప్పనిసరి చేశారు. రోగం వస్తే పెంపకందారులకు వెంటనే కబురందాలన్నది దాని ఉద్దేశం.

పెంపకం విషయంలో మనకు సాయానికి కొరత లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది. నాటు పెట్ట ఏడాదికి 60 గుడ్లకు అటూ ఇటూ పెడితే, గ్రామప్రియ అంతకు రెట్టింపు పైనే పెడుతుంది. కోడిని ఇచ్చిన ప్రభుత్వమే దాన్ని పట్టణంలో ఎలా ఉంచుకోవాలో కూడా చెప్పాలి.

ఆ చెప్పాల్సింది ఒక పేజీకి మించదు. ఇంటికి ఆరు పెట్టలు. పుంజు లేదు. పక్కింటి కిటికీకి ఎదురుగా గూడు లేదు. పొడి ఊక, మూత డబ్బాలో మేత, ఎండకు నీడ. కోసిన వ్యర్థాలు కాలవలో పడకూడదు. ఏటా ఉచిత నమోదు, ఆ రోజే టీకా. ఫిర్యాదు వస్తే ముందు వచ్చి చూడటం, సరిదిద్దుకోవడానికి పదిహేను రోజుల గడువు, ఆ తర్వాతే జరిమానా.

వీటిలో మంచి పెంపకందారుకు బరువయ్యేది ఒక్కటీ లేదు. ఇవన్నీ ఒళ్లొంచి కోళ్లను సాకేవాళ్లు ఇప్పటికే చేస్తున్న పనులు. అందుకే ఈ నియమం అడగాల్సింది పక్కింటివాళ్లు కాదు, కోళ్లున్న మనమే. వచ్చే వార్డు సభలో కౌన్సిలర్‌ను అడగండి, కమిషనర్‌కు అర్జీ పెట్టండి, కోళ్లు లేని ఇద్దరు ఇరుగుపొరుగు చేత కూడా దానిపై సంతకం పెట్టించండి. వాళ్లు ఇష్టంగా పెట్టిన సంతకమే మన పెంపకం సరిగ్గా ఉందనడానికి రుజువు.