సోక్రటీసు స్వప్నమునందలి ‘మూసికే’ శబ్దము

తర్కబుద్ధికిని కవిప్రతిభకును సహజవైరము గలదనువారు యవనవాఙ్మయమునుండి సోక్రటీసును సాక్షిగాఁ జూపుదురు. జర్మనుపండితుఁడగు నీషే 1872వ సంవత్సరమునఁ బ్రకటించిన ‘విషాదనాటకజననము’న నీ వాదము పరాకాష్ఠ నొందినది. రూపమునకును స్వప్నమునకును అధిదేవత అపాలో. మైమఱపునకును గానమునకును డయొనైససు. వీరి సమాగమమున ఈస్కిలసు, సోఫోక్లీసుల నాటకములు పుట్టెననియు, యూరిపిడీసు సోక్రటీసుల హేతుదృష్టిచే నవి నశించెననియు నాతని మతము. అయినను నందే సంధిమార్గ మొకటి సూచితము: ‘సంగీతము సాధించు సోక్రటీసు’ పుట్టవలెనఁట.

దీనికి మూలము ప్లేటో రచించిన ‘ఫీడో’ సంవాదము. క్రీ.పూ. 399లో మరణదండన విధింపఁబడి చెఱలోనున్న సోక్రటీసు దేవతాస్తోత్ర మొకటి రచించి, ఈసపు కథలను బద్యములుగాఁ గూర్చెను. కారణ మడుగఁగా, ‘మూసికే’ యభ్యసింపుమని స్వప్నము తన్ను శాసించినదనెను. తార్కికునకుఁ దన శాస్త్రముపైఁ గడపట జనించిన శంకగా నీషే దీనిని గ్రహించెను.

ఇచ్చట శబ్దవిచార మావశ్యకము. ‘మూసికే’ యనఁగాఁ గేవలసంగీతము గాదు. ‘మూసా’ యను దేవతాశబ్దముపైఁ బ్రత్యయము చేరఁగా నేర్పడిన యీ పదమునకు మూసాదేవతలకు సంబంధించిన విద్య యని యర్థము. కావ్యగాననృత్తము లన్నియు నందుఁ జేరును. మఱియు నా స్వప్నము చెఱలోఁ గ్రొత్తగా వచ్చినది గాదు. పూర్వము పలుమాఱులు వచ్చినదే. పరుగిడువానిని జూపఱులు హెచ్చరించునట్లు, తాను జేయుచున్న తత్త్వవిచారమునకే యది ప్రోత్సాహమని యాతఁడు తలఁచెను. తత్త్వవిచారమే పరమ మగు మూసికే యని యాతని నిశ్చయము. దేవోత్సవమువలన దండన తడవుపడఁగా, లోకప్రసిద్ధార్థమే యుద్దిష్టమేమో యని సందేహించి పద్యరచనకుఁ గడంగెను. యోగార్థమును నమ్మియు రూఢ్యర్థము నుల్లంఘింప వెఱచిన జాగరూకత యిది. శాస్త్రముపై నవిశ్వాసము గాదు. నీషే గ్రీకుభాషాచార్యుఁడయ్యు నిచ్చట పదమును విడిచి ప్రతీకను బట్టెను.

‘ఫీడ్రసు’న నొక కథ గలదు. ఎండవేళఁ జెట్లపై ఱొదసేయు ఈలపురుగులు పూర్వము మనుష్యులఁట. మూసాదేవతలు జన్మించి గానము లోకమునఁ బుట్టఁగా, నన్నపానములు మఱచి పాడుచు మరణించి యిట్లయిరి. భూమిపై నెవ్వ రే దేవిని సేవించుచున్నారో వారు నివేదింతురు. తత్త్వవేత్తలను గూర్చిన వార్త చేరునది కాలియొపీ, యురేనియాలకు. ఆ కాలియొపీయే వీరకావ్యమున కధిదేవత యని పిమ్మటివారి వ్యవస్థ!

‘రిపబ్లిక్’ పదియవ భాగమున ప్లేటో కవులను వెడలనడచుట నిజమే. కాని కవిత్వపక్షమున వాదింపఁగలవారికి, వచనముననైనను వాదింపుఁడని యవకాశ మిచ్చినదియు నందే.

నీషే మతమున నొక సారాంశము నిలుచును. కవి కల్పింపవలసినవి కథలే కాని వాదములు గావనియు, తనకుఁ గథాకల్పనము చేతఁగాదనియు సోక్రటీసే యొప్పుకొని, నోటికి వచ్చియున్న ఈసపును గైకొనెను. మమ్మటుఁడు శక్తి, నిపుణత, అభ్యాసములను మూఁటిని జెప్పి ‘హేతువు’ అని యేకవచనమే ప్రయోగించెను. ఆ మూఁటిలో సోక్రటీసు లేదన్నది శక్తి. ప్లేటో సంవాదములు మునుఁగుచున్న ప్రాచీనకవిత్వమునకుఁ దెప్పయైనవని యంగీకరించియు, నందుఁ గవిత్వము తర్కమునకు దాసియైనదని నీషే కొఱఁత పెట్టెను. ఈలపురుగుల కథలో దాసి యెవ్వరో, యజమాని యెవ్వరో యాతఁడు చూపలేదు.